ప్రూత్ వంతెన దగ్గర బాప్తిస్మం

మంచు ఇంకా విడవకముందే మినీబస్సు ప్రూత్ నది ఒడ్డుకు వచ్చి, సరిహద్దు వరుసలో నిలబడింది. ఔరిక వేసుకున్న పథకం చాలా చిన్నది. వంతెనకు ఇటుపక్క కిటికీలో రొమేనియా పాస్‌పోర్టులు చూపించాలి. అటుపక్క కిటికీలో మోల్డోవావి చూపించాలి. మధ్యాహ్నంలోగా ఊళ్ళో చర్చికి చేరాలి. ఒళ్ళో నిద్రపోతున్న దమ్యాన్‌కు ఇవాళే బాప్తిస్మం. బిడ్డను ఎత్తి పట్టవలసిన జ్ఞానతల్లి నదేజ్ద డబ్లిన్ నుంచి వస్తోంది. రాత్రికే ఆమె తిరుగు విమానం. ఇవాళ తప్పితే మళ్ళీ వచ్చే ఏడే. "నీళ్ళు పడని బిడ్డకి దిష్టి ఇట్టే తగులుతుందే" అని ఔరిక తల్లి ఫోనులో రోజూ భయపెడుతూనే ఉంది.

బస్సులో అందరివీ ఇటలీలోని పాడువాలో పొట్టపోసుకునే బతుకులే. అందరికీ రెండేసి పాస్‌పోర్టులే. ఒకటి అక్కడ బతకడానికి, ఒకటి ఇంటికి రావడానికి.

డ్రైవరు గెనాది ఎప్పటిలాగే ప్లాస్టిక్ సంచి పట్టుకుని సీట్ల మధ్య నడిచాడు. "తలా ఒక్కటే వెయ్యండి. పోయినసారిలా నన్ను పిచ్చోణ్ణి చెయ్యకండి."

ఔరిక తనదీ బిడ్డదీ రొమేనియా పాస్‌పోర్టులు వేసింది. పక్క సీటులోని జినైద అది చూసింది. ఆమె ఇటలీలో ముసలివాళ్ళకు సేవలు చేస్తూ తానే ముసలిదైపోయిన మనిషి.

"ఏమే, తండ్రి లేకుండా రొమేనియా బిడ్డని దాటనిస్తారా? మీ ఆయన అనుమతి కాగితం ఉందా?"

"ఉంది పిన్నీ. పెట్టెలో ఉంది."

"పెట్టె ఎక్కడ?"

"అడుగున. అన్నిటికీ అడుగున."

ఇద్దరూ వెనక్కి చూశారు. నూనె డబ్బాలు, సబ్బుపొడి, సైకిళ్ళు, ఎవరిదో బట్టలుతికే యంత్రం కప్పు దాకా పేర్చి తాళ్ళతో బిగించి ఉన్నాయి.

"అదంతా దించే బదులు బిడ్డకి మోల్డోవాది ఇచ్చెయ్. ఆ బిడ్డలకి కాగితం అడగరు."

ఔరిక గెనాదిని పిలిచి బిడ్డది మార్చింది. ముందు సీటులోని తుదోర్ తాత మెడ తిప్పాడు.

"తల్లేమో రొమేనియా, బిడ్డేమో మోల్డోవా! ఎవరి బిడ్డని ఎత్తుకుపోతున్నావమ్మా అని అడగరూ?"

ఔరిక గెనాదిని మళ్ళీ పిలిచి తనదీ మార్చింది. తాత ముందుకు తిరిగి కూర్చుని, కాసేపు ఆలోచించి, మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"ఆగాగు. నీ మోల్డోవాదాంట్లో ఇటలీకి వచ్చిన ముద్ర ఏది? వీసా లేనివాళ్ళకి గడువు తొంభై రోజులే, అది దాటి ఉండిపోయావంటారు. జరిమానా వేసి, మళ్ళీ రానివ్వరు."

"నువ్వే కదా తాతా మార్చమంది!"

"నేను అడుగుతారన్నాను. మార్చమన్నానా?"

మళ్ళీ రానివ్వరు! ఔరిక భర్త ఇటలీలో, బిడ్డ ఊయల అక్కడ. ఈ తొంభై రోజుల మాట వెనక సీట్లదాకా పాకింది. "నేనేది వేశాను?" అంటూ జినైద సంచిలో చెయ్యి పెట్టింది. ఆ తర్వాత అందరూ పెట్టారు. సంచి చేతులు మారింది, ఒకసారి బోర్లాపడింది. కొందరు రెండూ వేశారు, కొందరు రెండూ తీసేసుకున్నారు. గెనాది దణ్ణం పెట్టి సంచి లాక్కుని కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

అప్పుడే నదేజ్ద ఫోను. "ఎక్కడే? నేను తయారై కూర్చున్నాను. కేకు కూడా వచ్చేసింది. ఫాదర్ రెండుసార్లు అడిగారు."

"దాటేశాం అక్కా! దారిలో ఉన్నాం" అని ఔరిక నోరు దానంతటదే అనేసింది.

ఇక లాభం లేదనుకుని బిడ్డను జినైద చేతుల్లో పెట్టి, కాగితం కోసం సామాను మీదికి ఎక్కింది. తాళ్ళ మధ్యనుంచి దూరింది. కాసేపటికి ఆమె చెప్పులు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. సరిగ్గా అప్పుడే సరిహద్దు అధికారిణి సంచితో బస్సెక్కింది.

"దమ్యాన్ ఎవరి బిడ్డ?"

యూనిఫాం చూస్తే జినైదకు చిన్నప్పటినుంచీ నోరు అదుపులో ఉండదు. "నా బిడ్డే" అనేసింది.

అధికారిణి ఆమె తెల్లజుట్టునూ బిడ్డనూ మార్చి మార్చి చూసింది. "మీ వయసెంత?"

"అరవై తొమ్మిది."

"అంతా దేవుడి దయ" అన్నాడు తుదోర్ తాత, సాయం చేస్తున్నాననుకుని.

అందరినీ దించారు. సామాను మొత్తం దించారు. కాగితం కోసం కొంత కదపాల్సి వస్తుందని భయపడితే బట్టలుతికే యంత్రం కూడా రోడ్డు మీదికి వచ్చింది. ఔరిక బిడ్డను తిరిగి తీసుకుని గుండెకు అదుముకుని నిలబడింది. బిడ్డను అడిగితే ఇవ్వకూడదు, పరుగెత్తాలి, కానీ ఎటు? రెండు దేశాలున్నాయి, దారి ఒక్కటీ లేదు. చివరికి బాప్తిస్మం బట్టల కింద కాగితం దొరికింది. అధికారిణి చదివింది.

"బాగానే ఉంది కదమ్మా. మీ ఇద్దరివీ రొమేనియావి ఇచ్చి ఇది చూపిస్తే అయిపోయేది. ముందే ఎందుకివ్వలేదు?"

"సామాను దించాల్సొస్తుందని..."

అధికారిణి రోడ్డు పొడుగునా పరచుకున్న సామాను వైపు చూసి, కాగితం తిరిగిచ్చి పొమ్మంది.

ఈలోగా బస్సు వెనక ఒక కారు ఆగకుండా హారన్ కొడుతోంది. కిటికీలోంచి ఒకావిడ తల బయట పెట్టి అరిచింది. "ఏ తలమాసినోళ్ళయ్యా ఈ బస్సులో! ఇక్కడ బాప్తిస్మానికి టైమైపోతోంది!"

ఆ గొంతు ఔరికకు తెలుసు. జుట్టుకు రోలర్లు చుట్టుకునే ఉన్న నదేజ్ద తల అది. టికెట్టు చవకని రొమేనియాలోని యాష్ విమానాశ్రయంలో దిగి, అద్దె కారులో వస్తోంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"దాటేశానన్నావ్?"

"తయారై కూర్చున్నానన్నావ్?"

నదేజ్ద చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అది సరే గానీ, నువ్వు ఏది ఇచ్చావే? నా దగ్గర మూడున్నాయి."

పొద్దువాలేవేళకు దమ్యాన్ క్రైస్తవుడయ్యాడు. ఏ దేశంవాడన్న మిగతా సంగతి పెద్దయ్యాక వాడే తేల్చుకుంటాడు.