అడవిపెద్ద పళ్ళకు తొడుగులు

ఒక పెద్ద అడవిలో ఒక పెద్ద ఉండేవాడు. ఎవరో అనుకునేరు, నేనే. నా పేరు కోరయ్య, జాతి అడవిపంది. మీరు సింహాన్నో పులినో ఊహించుకుని ఉంటే మీ ఖర్మ, సర్దుకోండి.

పందిని పెద్దగా ఎవరెన్నుకుంటారని మీకు అనుమానం రావచ్చు. మావాళ్ళు నా మొహం చూసి ఎన్నుకోలేదు లెండి. ఎండాకాలం వస్తే మా వాగు ఎండిపోతుంది. పైన ఇసుక, దాని కింద రాయిలా గట్టిపడిన మన్ను, ఆ కిందెక్కడో నీళ్ళు. ఇసుక ఎవడైనా తోడతాడు. మన్ను పగలాలంటే మాత్రం బయటికి పొడుచుకొచ్చిన నా రెండు కోరలే దిక్కు. నేను చెలమ తవ్వితే అడవంతా తాగుతుంది, తవ్వకపోతే అడవంతా నాలుక బయటపెడుతుంది. అంతకుమించి నాకు ఏ అర్హతా లేదు.

మా సభకు కార్యదర్శి కొండముచ్చు మూతేశం. మూతి నలుపు, పలువరస తెలుపు, మాట తేనె. ఈసారి ఎన్నికల్లో పెద్దరికం తనకే రావాలని వాడి ఆశ. కానీ నేను చెలమలు తవ్వుతున్నంతకాలం వాడికి ఓటెవడేస్తాడు? అందుకని నిండుసభలో నా నోటి మీద పడ్డాడు.

"పెద్దాయనా, మరోలా అనుకోవద్దు. మొన్న పక్క అడవివాళ్ళు వచ్చినప్పుడు తమరు నవ్వారు చూడండీ, ఆ దెబ్బకి వాళ్ళ కుందేలుపిల్లకి ఇంకా జ్వరం తగ్గలేదట."

"నేను పలకరింపుగా నవ్వానయ్యా!"

"తమరు ప్రేమగానే నవ్వారండీ, కాదన్నానా? పాపం వాళ్ళకి కోరలు కనబడ్డాయి. అడవి పరువు కదా అని చెబుతున్నాను, అంతే."

వెనకెవరో కిసుక్కుమన్నారు. నేను "ఆఁ, పోనిద్దూ" అని పైకి కొట్టిపారేశాను గానీ, సభ ముగియగానే మడుగు దగ్గరికి పరిగెత్తి నీళ్ళలో నోరు తెరిచి చూసుకున్నాను. నాకు రెండు కోరలున్నాయని తెలుసు. రెండూ ఒకదాన్నొకటి చూడలేక చెరో దిక్కుకి తిరిగి ఉన్నాయని అప్పుడే తెలిసింది. నవ్వు నాలుగు విధాల చేటంటారు, నా నవ్వు అయిదో విధం కూడా కనిపెట్టినట్టుంది. అక్కడే కూలబడి ఏడ్చాను.

మర్నాడే మూతేశం పళ్ళ డాక్టర్ని వెంటబెట్టుకొచ్చాడు. డాక్టరంటే వడ్రంగిపిట్ట. నా మూతి మీద వాలి, కోరలమీద టకటకా కొట్టి చూసి పెదవి విరిచే వీల్లేక తల ఆడించింది.

"తుమ్మజిగురుతో అద్దంలాంటి తొడుగులు చేసిపెడతాను. పెట్టుకున్నారని పక్కవాడిక్కూడా తెలీదు. పున్నమికో కొత్త జత మారుస్తూ పోతే కోరలు మెల్లగా లోపలికి తిరిగి బుద్ధిగా కూర్చుంటాయి. కానీ జాగ్రత్తలున్నాయి మరి."

"చెప్పండి డాక్టరుగారూ, ప్రాణం పెట్టి పాటిస్తాను."

"పగలూ రాత్రీ నోట్లోనే ఉండాలి. తినేటప్పుడు మాత్రం తియ్యాలి. తిన్నాక పళ్ళు తోముకుని, తొడుగుల్ని చన్నీళ్ళతో కడిగి మళ్ళీ పెట్టుకోవాలి. వేడి తగిలితే మెలితిరిగిపోతాయి. తీసినప్పుడల్లా ఇదిగో ఈ వెలగడొప్పలోనే పెట్టాలి. ఎక్కడపడితే అక్కడ పెట్టారో, ఇక వాటి సంగతి మర్చిపోవచ్చు."

"మరి చెలమ తవ్వడం?"

"శివశివా! కదులుతున్న పళ్ళతో మన్ను తవ్వుతారా?"

మూతేశం చెవులు మూసుకున్నాడు. "తమంతటివారు మట్టి తవ్వడమేంటండీ, అసహ్యంగా! తమరు నవ్వుతూ ఉండండి, చాలు."

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పందికేం తెలుసు పన్నీరు వాసన అంటారు కదా, ఆవేళ నాకు తెలిసినట్టే అనిపించింది.

ఇంటికెళ్ళాక మా ఆవిడ గునపమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఏంటయ్యా, నోట్లో నత్తగుల్లేమైనా ఇరుక్కుందా?"

"తొడుగులే. బయటికి కనబట్టంలేదు కదూ?"

"కనబట్టంలేదు. నువ్వు మాట్లాడేదీ వినబట్టంలేదు. సరే గానీ, వచ్చేది ఎండలు. చెలమెవడు తవ్వుతాడు?"

"అప్పటికి చూద్దాంలేవే."

"అప్పుడు చూడ్డానికి నీ పళ్ళుంటాయి, తాగడానికి నీళ్ళుండవు" అని గొణుక్కుంటూ దుంపలకి పోయింది.

మొదటి జత పెట్టిన రోజు దవడలు పీకిన పీకుడు పగవాడిక్కూడా వద్దు. అది ఓర్చుకున్నాను. తిండి దగ్గరే నా ప్రాణం పోయింది. పంది అంటేనే నడుస్తూ తినేది, తింటూ నడిచేది. ఇప్పుడు ఒక దుంప కనబడితే తొడుగులు తియ్యి, డొప్పలో పెట్టు, తిను, వేపపుల్లతో తోము, మడుగుకి పరిగెత్తి కడుగు, పెట్టు. ఇంతలో ఇంకో దుంప కనబడుతుంది. సభలో నాకు ఆకలేసినప్పుడల్లా మూతేశం లేచి, "పెద్దవారు తొడుగులు తియ్యనున్నారు, సభ వాయిదా" అని ప్రకటించేవాడు. ఆ చలికాలమంతా మా సభ ఒక్క తీర్మానమూ చెయ్యలేదు. దుంపకో వాయిదా మాత్రం పడింది.

అయినా కోరలు నిజంగానే లోపలికి తిరగడం మొదలెట్టాయండీ! దాంతో నాకు పిచ్చి పట్టింది. కనబడినవాడికల్లా పళ్ళికిలించేవాణ్ణి. ముసలి దుప్పి పోయినప్పుడు సంతాపసభలో మాట్లాడమంటే లేచి నిలబడి, ముందు నిండుగా ఒక నవ్వు నవ్వి, ఆ తర్వాత విచారం వ్యక్తం చేశాను. ఆ దుప్పి పెళ్ళాం ఇవాళ్టికీ నాతో మాట్లాడదు, ఆమెదేం తప్పులేదు.

ఎండలు ముదిరాయి. వాగు ఇంకిపోయి, మడుగు కుంచించుకుపోయింది. నీళ్ళు తగ్గాయి గానీ నా కడుగుళ్ళు తగ్గలేదు. ఒకరోజు మడుగులో తొడుగులు జాడిస్తుంటే ముళ్ళపంది ఒకావిడ పిల్లల్ని వెనకేసుకుని ఒడ్డున నిలబడింది.

"పెద్దాయనా, తమ కడుగుడు అయిందా అండీ? పిల్లలు దాహానికి అల్లాడుతున్నారు."

"ఒక్క నిమిషం ఆగమ్మా, ఇంకా పైవరస ఉంది" అన్నాను.

ఆ మాట అన్నది నేనేనండీ, ఇంకెవరో కాదు. తలుచుకుంటే నా మూతి నేనే కుమ్ముకోవాలనిపిస్తుంది.

ఎన్నికల ముందురోజు మూతేశం అడవికంతటికీ విందు పెట్టాడు. మోదుగాకుల విస్తళ్ళు వేసి పంక్తిలో కూర్చోబెట్టాడు. నన్ను సరాసరి తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. తొడుగులు తియ్యాలి కదా, వెలగడొప్ప ఏదీ? ఇంట్లో వదిలేసి వచ్చాను. పెద్దరికం ఉన్నవాడు చంకలో డొప్ప పెట్టుకుని విందుకెళ్తే ఏం బాగుంటుందని! ఎవరూ చూడకుండా తొడుగులు తీసి విస్తరాకు అంచు కింద దోపాను. తర్వాత అడవి కందగడ్డ పులుసు వడ్డించారు. ఆ పులుసు ముందు నాకు తొడుగులేంటి, నా పేరే గుర్తులేదు.

మాలో ఒక మర్యాద ఉంది. భోజనం నచ్చితే ఆకుని మనవైపు మడిచి లేవాలి. నాకు బ్రహ్మాండంగా నచ్చింది. అందుకని నాలుగు మడతలు పడేలా భక్తిగా మడిచి లేచాను. ఎంగిలాకులెత్తే పని అడవిదున్నది. ఎత్తడమంటే వాడి లెక్కలో తినడమే.

మూతి తుడుచుకుంటుంటే తొడుగులు గుర్తొచ్చాయి. వెనక్కి పరిగెత్తేసరికి దున్న కళ్ళు మూసుకుని తన్మయంగా నెమరేస్తున్నాడు.

"పెద్దాయనా, తమ ఆకు కరకరలాడిందండీ! అప్పడాలేమైనా వదిలేశారా?"

"నమిలేశావురా?"

"రెండూ నమిలేశాను. ఉప్పు తక్కువైంది గానీ బాగున్నాయి. ఇంకేమైనా ఉన్నాయా?"

డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. వేరే జత చేసిపెట్టమని కాళ్ళావేళ్ళా పడ్డాను.

"పాత జతేమైంది?"

"ఆరబెడదామని ఎండలో బండమీద పెట్టానండీ. చేగోడీలా చుట్టుకుపోయింది" అని బొంకేశాను.

"వేడి తగలకూడదని చెప్పానా లేదా? తొడుగుల్లేకపోతే ఆ కోరలు ఊరుకోవు, మళ్ళీ వాటి దారిన అవి పోతాయి. కొత్తవి చెయ్యాలంటే జిగురు నానబెట్టాలి. నీళ్ళేవీ?"

నిజమే. ఆ పొద్దున్నే మడుగు అడుగంటింది. అడుగున మిగిలిన చివరి గుక్కతో కడుక్కున్నది కూడా నేనే.

మర్నాడు వాగులో ఎన్నికల సభ. మూతేశం ఉపన్యాసం ఎత్తుకోబోతుంటే ముళ్ళపంది తల్లి అడ్డం తగిలింది. ఆవిడ చిన్నపిల్ల నిలబడలేక ఇసుకలో వాలిపోయి ఉంది. "ఉపన్యాసాలు తర్వాత. ముందు నీళ్ళు కావాలి."

"మన పెద్దాయన లేరూ? తవ్వుతారు" అని మూతేశం నావైపు చెయ్యి చూపించాడు. వాడి కళ్ళలో సంబరం అప్పుడు చూశాను. ఆ చలికాలమంతా వాడు నా చేత ఎందుకు నవ్వించాడో అప్పుడు తలకెక్కింది.

వాగులోకి దిగాను. ఇసుక తోశాను. గట్టిమన్ను తగిలింది. బలమంతా పెట్టి కుమ్మాను. లోపలికి తిరిగిన కోరలు నా పెదవికే గుచ్చుకున్నాయి తప్ప మన్నుకి గీత కూడా పడలేదు. మళ్ళీ కుమ్మాను. నోట్లో రక్తం, ముక్కులో మట్టి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే కాబోలు. తల తిప్పి చూస్తే ఆ పిల్ల కళ్ళు మూతలు పడుతున్నాయి. అంత సిగ్గు, అంత భయం నేనెప్పుడూ ఎరగను.

"చూశారుగా! తవ్వలేనివాడు పెద్దేంటి? నాకు ఓటెయ్యండి!" అని మూతేశం అరిచాడు.

"సరే నాయనా, నువ్వు తవ్వు" అంది ముళ్ళపంది.

మూతేశం తన వేళ్ళవంక చూసుకున్నాడు. "నేను... దగ్గరుండి పర్యవేక్షిస్తాను."

"జరుగయ్యా పక్కకి" అని ఎవరో నన్ను భుజంతో నెట్టారు. మా గునపమ్మ. దాని పళ్ళు నావాటికంటే పొట్టి, నావాటికంటే వంకర. సభలకి రాదు కాబట్టి వాటిమీద ఎవరూ తీర్మానం చెయ్యలేదు. తల దించి కుమ్మడం మొదలెట్టింది. రొప్పింది, ఆగింది, మళ్ళీ కుమ్మింది. నేను పక్కన నిలబడి ఇసుక తోశాను, నా వల్ల అయింది అదే. చాలాసేపటికి మన్ను బీటలిచ్చింది. బురదనీళ్ళు ఊరాయి. ముందు ముళ్ళపంది పిల్ల తాగింది. అది లేచి ఒళ్ళు విదిలించుకుంటే నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

ఓట్లెవరూ అడగలేదు, ఎవరూ వెయ్యలేదు. గునపమ్మని అందరూ పెద్దమ్మా అని పిలవడం మొదలెట్టారు, అంతే. అందరికంటే ముందు పిలిచింది మూతేశమే. సాయంత్రానికల్లా డాక్టర్ని కూడా తెచ్చాడు.

"పెద్దమ్మగారూ, తమ పలువరస కూడా ఒక్కసారి చూపిస్తే..." అని డాక్టరు నసిగింది.

"నా పళ్ళు ఎక్కడికీ పోవు గానీ, చెలమ గట్టు జారుతోంది. నీ ముక్కు ఖాళీగానే ఉందిగా, ఇసుక తియ్యి" అంది మా ఆవిడ. మూతేశంవైపు తిరిగి, "నువ్వు కూడా దిగు. దగ్గరుంటే పర్యవేక్షణ బాగా జరుగుతుంది" అంది.

డాక్టరు చెప్పినట్టే తొడుగుల్లేని నా కోరలు నెమ్మదిగా మళ్ళీ చెరో దిక్కుకి తిరిగాయి. రోళ్ళు పగిలే ఎండలొచ్చేసరికి నేనూ చెలమలోకి దిగాను. ఇప్పుడు నేను పెద్దని కాను, పెద్దమ్మగారి మొగుణ్ణి. పొద్దున్నే లేచి తవ్వుతాను, మధ్యమధ్యలో ఎవర్నీ వాయిదా అడక్కుండా దుంపలు తింటాను, పిల్లలు జడుసుకోకుండా నోరు మూసుకుని నవ్వుతాను.

నీతి: తొడుగుల విషయంలో డాక్టరు చెప్పినట్టు తు.చ. తప్పకుండా నడుచుకోండి, లేకపోతే మీ పళ్ళు మళ్ళీ పనికొచ్చే ప్రమాదం ఉంది.