డాక్టరుగారి చీమ

బుధవారం పొద్దున్న పళ్ళ డాక్టరు ఉమామహేశ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పన్నెండింటికి క్లినిక్ మూసేయాలి. కలకత్తా ఆ చివరనున్న సాల్ట్ లేక్ వెళ్ళి, సలుపుతున్న తన దవడ పన్ను పీకించుకోవాలి. ఆరింటికల్లా ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చి షట్టరు ఎత్తాలి. ఈ సంగతి ఖిదిర్‌పూర్‌లో చీమకు కూడా తెలియకూడదు.

ఖిదిర్‌పూర్ ఉన్నది కలకత్తాలోనే గానీ, రేవు క్వార్టర్లలోని తెలుగువాళ్ళ మట్టుకు అదొక చిన్న ఊరే. ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివర నుంచి దీవెన వస్తుంది. ఆ ఊరికి ఇరవై రెండేళ్ళుగా ఉన్న ఒకే ఒక్క పళ్ళ డాక్టరు ఉమామహేశ్. తండ్రి శేషయ్య అక్కడే క్రేన్ నడిపాడు. డాక్టరంటూ లేని ఆ రోజుల్లో ఫుట్‌పాత్ మీద కూర్చునే ఒకాయన, మత్తూ మందూ లేకుండా, పట్టకారుతో శేషయ్య పన్ను లాగాడు. ఎనిమిదేళ్ళ ఉమామహేశ్ నాన్న చెయ్యి పట్టుకుని పక్కన నిలబడ్డాడు. పెద్దయ్యాక పళ్ళ డాక్టరు కావాలని ఆ రోజే అనుకున్నాడు. తన పన్ను మాత్రం జన్మలో ఎవడికీ చూపించకూడదని కూడా ఆ రోజే అనుకున్నాడు.

అందుకే ఆయన క్లినిక్‌లో ఒక నియమం ఉంది. కుర్చీ ఎక్కిన మనిషి చెయ్యి పట్టుకోవడానికి ఇంటివాళ్ళు ఒకరు రావాలి. ఎవరూ లేకపోతే బల్లమీద కూర్చున్నవాళ్ళలో ఒకరు లేచి పట్టుకోవాలి. ఈ మేరకు గోడకు బోర్డు కూడా ఉంది. ఇక సూది వేసే ముందు ఆయన చెప్పే మాట ఒక్కటే: "చీమ కుట్టినట్టుంటుంది, అంతే." ఆయన చేతి చలవ ఎలాంటిదంటే, పన్ను పీకుతుండగానే ఒక రేవు కూలీ గుర్రుపెట్టి నిద్రపోయి, అంతా అయ్యాక లేచి, "ఇక మొదలెట్టు బాబూ" అన్నాడట. ఇది రేవులో సరుకులెత్తే వించి నడిపి రిటైరైన గురువులు అనే పెద్దాయన చెప్పే కథ. "అబద్దమైతే నా పళ్ళు రాలిపోవాల" అని ఒట్టు కూడా వేస్తాడు. ఆయనకు మిగిలినవి పదకొండు. వాటిలో ఒకటి పుచ్చి ఆరేళ్ళయింది. డాక్టరును ఇంతగా పొగిడే గురువులు ఆ ఒక్కటీ ఆయనకు చూపించడు. అడిగితే, "నీకేటి బాబూ, నొప్పి నీదా నాదా?" అని తప్పుకుంటాడు.

తీపి తినొద్దని ఊరందరికీ చెప్పే డాక్టరుగారి పన్ను పుచ్చడం కూడా నిజానికి ఊరివాళ్ళ తప్పే. నొప్పి తగ్గిన ప్రతివాడూ ఒక సందేశ్ మిఠాయి పెట్టె తెచ్చి చేతిలో పెట్టేవాడు. వద్దంటే నొచ్చుకుంటారు. ఇరవై రెండేళ్ళు ఎవరినీ నొప్పించకుండా తిన్నాక, ఇప్పుడు బుగ్గ బూరెలా పొంగింది. పట్టకారంటే డాక్టరే వణుకుతాడని తెలిస్తే రేపటినుంచి తన ముందు నోరు తెరిచేదెవరు? అందరూ మళ్ళీ ఫుట్‌పాత్ దారి పడతారు. ఆయన్ను పంటికన్నా ఎక్కువగా సలుపుతున్నది అదే.

చలికాలం కలిసొచ్చింది. జనవరిలో కలకత్తాలో మంకీ టోపీ పెట్టుకున్నవాణ్ణి ఎవరూ ఎందుకని అడగరు, పెట్టుకోనివాణ్ణి అడుగుతారు. డాక్టరుగారు బుగ్గను టోపీలోకి తోసి షట్టరు దింపుతుండగా, మట్టి ముంతలో చాయ్ పట్టుకుని గురువులు ఎదురయ్యాడు.

"ఏటి డాక్టరు బాబూ, మద్దేన్నమే మూసీసినావు? ఎటు?"

"సాల్ట్ లేక్" అని పళ్ళ సందులోంచి గొణిగాడు ఉమామహేశ్. అంతకన్నా నోరు తెరుచుకోలేదు.

"క్లినిక్కు పనేనా?"

అబద్ధం కాదు గదా అని తలూపాడు.

"అక్కడన్నీ ఏసీ క్లినిక్కులంట గదా? ఇదీ పెద్దదేనా?"

మళ్ళీ తలూపాడు.

"అయితే ఇక నువ్వు అక్కడేనేటి?"

సరిగ్గా అప్పుడే పన్ను ఒక్క పోటు పొడిచింది. డాక్టరుగారి తల గుండెలమీదికి వాలిపోయింది. గురువులు చేతిలోని ముంత జారి రోడ్డు మీద పగిలింది.

బస్సు మూల తిరిగేసరికి వార్త చాయ్ దుకాణం దాటింది. డాక్టరు సాల్ట్ లేక్‌లో క్లినిక్ తెరుస్తున్నాడని అక్కడ అన్నారు. చేపల బజారుకొచ్చేసరికి ఆయన అక్కడ ఫ్లాటు కొన్నాడు. క్వార్టర్ల గేటు దగ్గర సామాను లారీ ఎక్కింది. ఎండుచేపలమ్మే తవిటమ్మను చేరేసరికి ఆయన గృహప్రవేశం కూడా చేసేశాడు. తవిటమ్మకు డాక్టరు పైవరస కట్టుడు పళ్ళు పెట్టి రెండు వారాలైంది, కిందివరస వచ్చే వారం ఇవ్వాలి.

"ఓలమ్మో! పైకప్పు ఏసీసి గోడలు కట్టకుండా ఎలిపోతాడేటి! ఈ నోటితో జంతిక ఎలాగ నమలను?" అంటూ బుట్ట వదిలేసి లేచింది.

తెలుగు సంఘం కార్యదర్శి త్యాగరాజు శాలువా ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. "ఆపగలిగితే ఆపుదాం. లేదంటే సన్మానం చేసి పంపుదాం" అన్నాడు. ఆయన ఏ పరిస్థితికైనా సిద్ధంగా ఉండే మనిషి.

అందరూ కలిసి డాక్టరు ఇంటిమీద పడ్డారు. భార్య పద్మజకు ఏమీ తెలియదు. బీరువా తీసి చూస్తే ఒక చొక్కా, ఒక తువ్వాలు లేవు. రక్తం పడితే మార్చుకోవడానికి ఆయన పట్టుకెళ్ళాడని ఆమెకెలా తెలుస్తుంది? రెండో తాళంచెవితో క్లినిక్ తెరిచింది. బల్లమీది అద్దం కింద ఆయన చేతిరాతతోనే ఒక చీటీ ఉంది: సాయిసుధ, సాల్ట్ లేక్, రెండు గంటలకు. కింద చిరునామా.

"ఎవరీ సాయిసుధ?" అంది పద్మజ.

"పార్టనరయ్యుంటాదమ్మా" అన్నాడు గురువులు ఓదార్పుగా.

"ఏ రకం పార్టనరో మరి" అంది తవిటమ్మ. ఆమెకు ఓదార్చడం రాదు.

పద్మజ చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. "బండి చూడండి" అంది.

దొరికిన బండి సరుకులు మోసే చిన్న ట్రక్కు. అందులో పదకొండుమంది ఎక్కారు. ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్ సార్జెంటు ఆపి, సరుకుల బండిలో మనుషులేంటని బెంగాలీలో గద్దించాడు. డాక్టరు కోసం వెళ్తున్నామన్నాడు త్యాగరాజు. పేషెంటు ఎవరన్నాడు సార్జెంటు. తవిటమ్మ ముందుకొచ్చి, పైవరస ఊడదీసి అరచేతిలో పెట్టి చూపించింది. సార్జెంటు రెండడుగులు వెనక్కి వేసి, పొండి పొండి అని చెయ్యి ఊపాడు.

అక్కడ సాల్ట్ లేక్‌లో ఉమామహేశ్ రెండు గంటలుగా, "మీరు వెళ్ళండి, నాకేం తొందర లేదు" అంటూ వచ్చినవాళ్ళందరినీ తనకంటే ముందు పంపిస్తున్నాడు. చివరికి పంపడానికి ఎవరూ మిగల్లేదు. వరంగల్ నుంచి వచ్చిన డాక్టరు సాయిసుధకు ఆయన కూతురి వయసుంటుంది. ఆమే రెక్క పట్టుకుని తీసుకెళ్ళి, మంకీ టోపీతోనే కుర్చీ ఎక్కించింది.

పైన సీలింగు తెల్లగా ఉంది. చూసుకోవడానికి ఒక మచ్చయినా లేదు. తన క్లినిక్ సీలింగు మీద పీతలా ఒక చెమ్మ మరక ఉందని పేషెంట్లు అనేవారు. ఆయన ఏనాడూ తలెత్తి చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా ఊరంతా గుండె చిక్కబట్టుకుని ఆ పీతనే చూస్తూ పడుకున్నదని ఇప్పుడు తట్టింది.

"చీమ కుట్టినట్టుంటది సార్, గంతే" అంది సాయిసుధ, సూది ఎత్తి.

అదెంత పెద్ద అబద్ధమో డాక్టరుగారికి ఆ క్షణాన తెలిసింది. రెండు చేతులూ కుర్చీని పట్టుకున్నాయి. తలుపు ధడాలున తెరుచుకుంది.

"ఇయ్యి కూడా నువ్వే ఉంచీసుకో!" అంటూ తవిటమ్మ పైవరస తీసి బల్లమీద టక్కున పెట్టింది. "సగం నోరు నాకెందుకు?"

"మమ్మల్ని ఒగ్గీసి ఎలాగ ఎలిపోతావు బాబూ!" అని గురువులు ఏడుపందుకున్నాడు. త్యాగరాజు శాలువా విప్పాడు. పద్మజ సాయిసుధ వైపు చూసింది.

సాయిసుధ సూది దించింది. "అరె, ఎవరు మీరంతా? గీ సార్ ఎక్కడికి పోతున్నడు? పన్ను పీకించుకోనీకి వచ్చిండు. రెండు గంటల సంది భయపడుతనే ఉన్నడు!"

ఉమామహేశ్ మెల్లగా మంకీ టోపీ తీశాడు. బూరె బయటపడింది. ఇక దాచడానికేమీ లేదు. కళ్ళు మూసుకున్నాడు. రేపు షట్టరు ఎత్తినా ఒకటే, ఎత్తకపోయినా ఒకటే అనుకున్నాడు.

పద్మజ కుర్చీ దగ్గరికి వచ్చింది. "చెయ్యి పట్టుకునే మనిషి లేకుండా ఎవరినీ కుర్చీ ఎక్కించనని బోర్డు పెట్టారు. మీరెందుకు ఒక్కరే వచ్చారు?"

పద్మజ ఒక చెయ్యి పట్టుకుంది. రెండోది గురువులు పట్టుకున్నాడు. సాయిసుధ సూది ఎత్తగానే వచ్చినవాళ్ళందరూ ఒక్క గొంతుతో, "సీమ కుట్టినట్టుంటాది బాబూ, అంతే!" అన్నారు. పన్ను వచ్చేసింది. వణుకుతున్న డాక్టరుకు త్యాగరాజు శాలువా కప్పాడు. సన్మానమూ అయిపోయింది.

మర్నాడు ఉమామహేశ్ చాలాసేపు వీధి మలుపులో నిలబడి, ఖాళీ బల్లను చూసేందుకు మనసు గట్టి చేసుకుని క్లినిక్ వైపు నడిచాడు. మెట్లమీద జనం కూర్చుని ఉన్నారు. ఎన్నడూ గుమ్మం తొక్కని మొహాలు. సందేశ్ పెట్టె ఒక్కటీ లేదు. ప్రతివాడి చేతిలోనూ డాక్టరుగారికని ఒక వేపపుల్లల కట్ట ఉంది. అందరికన్నా ముందు గురువులు ఉన్నాడు.

"బయమని సెప్పుకోడానికి సిగ్గై ఇన్నాళ్ళూ రాలేదు బాబూ" అన్నాడు. "నీకూ బయమేనని నిన్న సూసినాం. మరింక సిగ్గేటి?"

గురువులు కుర్చీ ఎక్కి సీలింగు మీద పీతను వెతుక్కున్నాడు. తవిటమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. సూది ఎత్తి ఉమామహేశ్ అలవాటుగా, "చీమ..." అని ఆగిపోయాడు. ఒకసారి తలెత్తి తనూ పీతను చూశాడు.

"నొప్పెడుతుంది బాబాయ్" అన్నాడు. "కాసేపే. నాకూ పెట్టింది."

గురువులు నోరు బార్లా తెరిచాడు.

ఇరవై రెండేళ్ళు ఒక్కరోజైనా సెలవు పెట్టకుండా పనిచేసిన ఆ చీమ, ఆ గురువారంతో రిటైరైంది.