ఫ్రిజ్జు మీద బండారి

కడెం కట్ట మీదుగా నీళ్ళు దుంకిన ఏడాది జరిగిన సంగతి ఇది. దోహాలో ఉన్నవాళ్ళు దాన్ని ఫుట్‌బాల్ ఏడాది అంటారు. నర్సింలుకు ఫుట్‌బాల్‌తో పని లేదు. ఊళ్ళో అతని ఇంటి గోడలు రెండు వాగులో పోయాయి. పెళ్ళాం భూమవ్వ కట్టుబట్టలతో బయటపడి ఎవరి పంచనో తలదాచుకుంది. నెల్లాళ్ళు కంపెనీ చుట్టూ తిరిగితే ఎమర్జెన్సీ లీవు దొరికింది. శ్రావణ మాసం, శుక్రవారం, సాయంత్రం విమానం.

ఆ పొద్దున అతను అనుకున్న పని చిన్నది. స్నానం చేసి, క్యాంపు గదిలోనే పోచమ్మకు బోనం వండి, చెల్లించి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోవాలి. ఇల్లు పోయినా మనిషిని మిగిల్చింది పోచమ్మేనని అతని నమ్మకం. మొక్కు తీర్చకుండా ఊరి పొలిమేర తొక్కితే ఆ తల్లి ఊరుకునే రకం కాదు. మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాకు తోటమాలిగా ఉన్న జహాంగీర్ వేపమండలు పంపాడు. తల్లి ముందు ధారగా సాక పోయడానికి కల్లు ఎలాగూ దొరకదు, లబన్ అని ఇక్కడ అమ్మే మజ్జిగ సీసా కొన్నాడు. కోడిని కోయడానికి వీల్లేదు, మార్టులో గడ్డకట్టిన కోడిని తెచ్చాడు. తల్లికి అర్థమవుతుందిలే అనుకున్నాడు. తల్లికి అర్థమయ్యేదేమో. గదిలో ఉన్న మిగతా ఇద్దరికీ కాలేదు.

ఒకడు మారుతి. కడెం వాగుకు అవతలి ఒడ్డువాడు, మల్లన్నను కొలిచే ఇంట్లో పుట్టినవాడు. రెండోవాడు తిరుమల్. గోదావరి జిల్లా మనిషి, సైటులో స్టోర్‌కీపర్, వాళ్ళ ఊరి తల్లి నూకాలమ్మ. ఒకరి దేవుడంటే ఒకరికి గిట్టదు. మసీదు గురించి గాని చర్చి గురించి గాని ఆ గదిలో ఏనాడూ ఒక చెడ్డ మాట పుట్టలేదు. మంటంతా పక్క మంచం మీది దేవుడితోనే.

ఊళ్ళో అయితే ఏ దేవుడి వారం ఆ దేవుడిది. ఖతర్‌లో అందరు దేవుళ్ళకూ శుక్రవారమే, ఎందుకంటే కంపెనీకి ఆ రోజే సెలవు. అందుకని అదే పొద్దున మారుతి కూడా మల్లన్నకు పట్నం వేయాలని కూర్చున్నాడు. నేల మీద రంగు పొడులతో ముగ్గు వేశాడు. మల్లన్న పటం పెట్టడానికి ఎత్తయిన జాగా కావాలి. గదిలో అలాంటిది ఒక్కటే ఉంది, ఫ్రిజ్జు నెత్తి. దాని మీద అప్పటికే నర్సింలు పోచమ్మ పటం ఆనించి, బోనం కుండ పెట్టాడు. ఫ్రిజ్జేమో తిరుమల్‌ది.

మారుతి ముందు కోడిని చూశాడు.

"గడ్డకట్టిన కోడి పెడుతవా మామా పోచమ్మకు? తల్లికి పండ్లు ఊడుతయి" అన్నాడు.

"ఇద్దరు పెండ్లాలను సగవెట్టలేక గుట్టెక్కి కూసున్నోడు మీ మల్లన్న. నాకు నువ్వు చెప్తవా?" అన్నాడు నర్సింలు.

తిరుమల్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుంటున్నాడు. అతను ఎవరినీ గట్టిగా అనడు. మెత్తగా అంటాడు, అది ఇంకా మండుతుంది.

"చూడండి నర్సింలు గారూ, మా నూకాలమ్మ జాతరంటే ఊళ్ళకు ఊళ్ళు కదుల్తాయండి. మీ ఇద్దరివీ అసలా లెక్కలోకే రావు. కాబట్టి మీ రాళ్ళూ బొమ్మలూ కింద పెట్టుకుని నా ఫ్రిజ్జు నాకు వదిలెయ్యండి."

రాళ్ళు అన్న మాటకు మారుతికి ఒళ్ళు మండింది. డబ్బా మూత తీసి, "శరభ శరభ" అంటూ గుప్పెడు బండారి ఫ్రిజ్జు మీదికి చల్లాడు. బండారి అంటే మల్లన్న పసుపు. పైన ఫ్యాను తిరుగుతోంది. పడాల్సిన చోట చిటికెడు కూడా పడలేదు. కొంత తిరుమల్ తెల్ల చొక్కా మీద పడింది. కొంత నర్సింలు కళ్ళలో పడింది. మిగిలింది బోనం కుండలో పడింది.

పోచమ్మ బోనంలో మల్లన్న బండారి. మళ్ళీ వండుదామంటే పాలు లేవు, బెల్లం లేదు. నర్సింలు ఎర్రబడిన కళ్ళతో, పచ్చటి మెడతో క్యాంపు ఆఫీసుకు నడిచాడు. కొట్టి ఉంటే అయిపోయేది. ఫిర్యాదు చేద్దామనుకున్నాడు, అదే తప్పయింది.

క్యాంపు బాస్ రఫీయుద్దీన్ మెట్‌పల్లివాడు. అతనుంటే కథ అక్కడే ముగిసేది. కాని అతను జుమ్మా నమాజుకు ముందే బయలుదేరి, నమాజు అయ్యాక అక్క సుర్రయ్యా ఇంటికి భోజనానికి పోతానని చెప్పి వెళ్ళాడు. కుర్చీలో అద్నాన్ అనే కొత్త సేఫ్టీ మనిషి ఉన్నాడు. లక్నోవాడు. తెలుగు ముక్క రాదు. నర్సింలు హిందీ సైటులో నేర్చుకున్నది, ఇసుక, కంకర, ఎత్తు, దించు వరకు బాగానే పనిచేస్తుంది.

"సాబ్, మారుతి రూమ్ మే బండార్ డాలా" అన్నాడు.

హిందీలో బందర్ అంటే కోతి. తెలుగువాళ్ళ నోట్లో ద, డ ఒకటే అని అద్నాన్ ఎప్పుడో తీర్మానించుకున్నాడు. గదిలో కోతిని వదిలారని అర్థం చేసుకుని, ఎక్కడ ఉందని అడిగాడు. ఫ్రిజ్జు మీద అన్నాడు నర్సింలు. ఎంత ఉంటుందని అడిగాడు. కిలో ఉంటుందన్నాడు. పిల్ల కోతి అనుకున్నాడు అద్నాన్. ఎలా వచ్చిందంటే, ఊరినుంచి డబ్బాలో తెచ్చాడని చెప్పాడు. ఇప్పుడేం చేస్తోందంటే, అన్నంలో పడింది, గదంతా ఎగురుతోంది అన్నాడు.

అద్నాన్ అప్పటికే ఫోను చేతిలోకి తీసుకున్నాడు. నర్సింలు అక్కడ ఆగాల్సింది. ఆగలేదు. అసలు బాధ ఇంకా చెప్పలేదు కదా.

"ఆజ్ మాతా ఆనేకా థా సాబ్. మేరా మాతాకో ఖరాబ్ కియా."

అద్నాన్ కుర్చీ వెనక్కి జరిపాడు. వాళ్ళ వైపు ఒంటి మీద పొక్కులు లేస్తే మాతా వచ్చిందంటారు. మన దగ్గరా అమ్మవారు పోసిందనే కదా అంటారు. ఆఫీసు తలుపు మీద ఆ నెలే అంటించిన కాగితం ఉంది, మంకీపాక్స్ వస్తోంది జాగ్రత్త అని. ఎదురుగా ఎర్రటి కళ్ళు, పచ్చబడిన ఒళ్ళు. కోతి ఉందంటున్నాడు. మాతా వచ్చిందంటున్నాడు. ఇందులో అద్నాన్ తప్పు వెదకడం దండగ.

కాసేపట్లో నర్సింలును కూడా గదిలోకి పంపి బయట గొళ్ళెం పెట్టారు. లోపల ముగ్గురు. క్యాంపంతా వరండాలో పోగయింది. కోతి కరుస్తుందని ఒకరు, ఇప్పటికే ఇద్దరిని కరిచిందని ఒకరు. నేపాలీలు కిటికీ దగ్గర అరటిపండు ఊపుతున్నారు. ఎవరో గ్రౌండుకు పోయి ఫుట్‌బాల్ గోలు వల విప్పుకొచ్చారు. తలుపు తీయగానే కోతి మీద వేయడానికని దాన్ని పట్టుకుని నిలబడితే, తలుపు తెరిచేసరికి ముందున్న తిరుమల్ మీద పడింది. పచ్చ మరకల చొక్కాతో, వలలో, స్టోర్‌కీపర్. అతన్ని అలా చూసి నర్సింలుకు ఆ రోజు మొత్తంలో ఒక్కసారి ప్రాణం కాస్త కుదుటపడింది.

నర్సు ఆఫియా గ్లవ్స్, మాస్కు వేసుకుని వచ్చింది. కేరళ మనిషి, బుద్ధిమంతురాలు. కోతి లేదని చూడగానే ఆమెకు సగం అనుమానం పోయింది. నేల మీది పచ్చపొడిని వంగి చూసి, ఇది హల్దీయా అని మారుతిని అడిగింది. అవునంటే చాలు. నర్సింలు టికెట్ జేబులోనే ఉంది, సమయం ఇంకా ఉంది.

"హల్దీ నహీ" అన్నాడు మారుతి ముఖం గంటు పెట్టుకుని. తర్వాత తెలుగులో నర్సింలు వైపు తిరిగి, "మల్లన్న బండారిని పసుపు అనుమంటదా ఈమె? పసుపు కూరల ఏస్తరు" అన్నాడు.

"అది పసుపే అని చెప్పు. నా ఇమానం పోతది" అన్నాడు నర్సింలు పళ్ళు కొరుకుతూ.

"పోతే పోనీ. నోట రాదు నాకు."

ఆఫియా నర్సింలు దగ్గరికి వచ్చింది. మాతా అన్నావట, ఏ మాతా, పొక్కుల మాతాయా అని అడిగింది. కాదంటే చాలు. కాని పోచమ్మను కాదనడం నర్సింలు వల్ల అవుతుందా. పొక్కులు పోసేదీ ఆ తల్లే, తీసేదీ ఆ తల్లే. పక్కన మారుతి వింటున్నాడు. నర్సింలు ఛాతీ ముందుకు పెట్టి, "వహీ మాతా. అసలీ" అన్నాడు.

ఆమె రెండడుగులు వెనక్కి వేసి, ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంది. వల విడిపించుకుంటున్న తిరుమల్ చెయ్యెత్తాడు. అతను ఇంటర్ చదివాడు. రెండు ముక్కల్లో ముగ్గురినీ విడిపించగలడు. కాని చొక్కా పాడైన కోపం ఉంది, పొద్దుటి మాటలు ఉన్నాయి. ఇది వీళ్ళిద్దరికీ తాతల కాలంనుంచి ఉందనీ, ప్రతి శ్రావణంలోనూ వస్తుందనీ, తమ వైపు ఇలాంటివేమీ ఉండవనీ, తనను వీళ్ళతో కలపవద్దనీ మంచి ఇంగ్లీషులో చెప్పాడు. ఎన్నాళ్ళుగా వీళ్ళతో ఉంటున్నావని ఆమె అడిగింది. మూడేళ్ళు అన్నాడు. ఆమె ముగ్గురినీ కలిపే పంపింది.

కరోనా నాడు కట్టిన ఐసోలేషన్ గది క్యాంపు చివర ఇంకా ఉంది. మూడు మంచాలు, ఒక కిటికీ. డాక్టరు సాయంత్రం వస్తాడన్నారు. విమానాశ్రయానికి తీసుకుపోయే బండి నాలుగింటికి వచ్చి, హారన్ కొట్టి, కిటికీలోంచి నర్సింలు పిలుస్తున్నా వినిపించుకోక వెళ్ళిపోయింది. నర్సింలు తలుపును తన్నాడు. తలుపుకేం కాలేదు. తర్వాత మంచం మీద కూర్చుని ఆ ఇద్దరినీ చూశాడు. ఆ చూపుకు మారుతి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిరుమల్ మాత్రం, తమ తల్లికి మొక్కుకుని ఉంటే ఇలా అయ్యేది కాదని అనబోయి, సగంలో మింగాడు.

పొద్దు వాలాక రఫీయుద్దీన్ వచ్చాడు. అద్నాన్ చెప్పింది విన్నాడు, గదిలో నేల మీద వేలు రాసి వాసన చూశాడు, గొళ్ళెం తీసి ముగ్గురి ముందూ నిలబడ్డాడు. డాక్టరు కూడా వచ్చి ఒళ్ళు చూసి, పొక్కులూ లేవు పాడూ లేదు, స్నానం చేయండి అని పోయాడు.

"పసుపు అని ఒక్కడు చెప్పలేదు. అది నాకు తెల్సు, నా పెండ్లిల నాకు పూసిన్రు, మా అమ్మ పూసింది" అన్నాడు రఫీయుద్దీన్. "ముగ్గురిట్ల ఒక్కడన్న నోరు మూసుకుంటే ఈ ముసలోడు ఇప్పుడు ఇమానంల ఉంటుండె."

అతనే ఫోను మీద ఫోను చేసి టికెట్ వచ్చే శుక్రవారానికి మార్పించాడు.

ఆ వార్త ఇంటికి చెప్పాలి. నర్సింలు వరండాలో నిలబడి భూమవ్వకు ఫోను చేశాడు. మారుతిని, వాడి దేవుడిని, ఆ గుట్టను, ఆ డబ్బాను వరసబెట్టి తిట్టాడు. ఆమె అడ్డం రాలేదు. అతను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అంది.

"అట్ల తిట్టకు. నేను ఆయన గుడిలనే ఉన్న."

"ఏ గుడి?"

"మల్లన్న గుడి, అవతలొడ్డుది. వాగచ్చిన నాడు, నీళ్ళు లేవకముందే వంతెన దాటి, అందరం గుట్ట మీదికే ఉరికినం. మారుతి వాళ్ళవ్వ తలుపు తీసింది. నెల సంది ఆమె చేతి బువ్వనే తింటున్న. పొద్దుగాల నొసట బండారి పెడ్తది, పెట్టించుకుంట."

నర్సింలు గొంతు తగ్గించి, తల్లికి దీపమైనా పెడుతున్నావా అని అడిగాడు.

"పెడ్తున్న. తల్లి గూడ ఈడనే ఉంది. గుడి కొట్టుకపోతే పోచమ్మను దొర్కవట్టి తెచ్చి మల్లన్న పక్కకు కూసోబెట్టిన్రు. నువ్వు లొల్లి చేస్తవని చెప్పలే."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి మారుతి తలుపు దగ్గర ఉన్నాడు. విన్నాడు. నీకు తెలుసా అని నర్సింలు అడిగాడు.

"నెల సంది తెల్సు" అన్నాడు మారుతి. "చెప్తే గుడిల గూడ సగం జాగ అడుగుతవని ఊకున్న. అడగకముందే ఇచ్చిన్రట."

మర్నాడు పొద్దున డ్యూటీ బస్సులో ఒక్కటే సీటు ఖాళీగా ఉంది, మారుతి పక్కన. నర్సింలు లుసైల్ సైటు దాకా నిలబడే పోయాడు.