ఆరో గడిలో సిద్ధమ్మ

భగవంతుడి ముందు మనుషులందరూ సమానులే అన్న విషయంలో మా పాకాలలో ఇంతవరకు భిన్నాభిప్రాయం రాలేదు. ఆయన ముందుకు ఎవరిని పంపాలన్న దగ్గరే కమిటీ అవసరమైంది.

ఆ కమిటీ 1979లో ఏర్పడింది. కారణం రైళ్ళు. ఒక మఠం స్వాములవారు ధర్మవరం వైపు నుంచి వచ్చి, కాట్పాడి బండి ఎక్కేలోపు మా జంక్షన్‌లో మూడు గంటలు ఆగుతారనీ, ఆ వ్యవధిలో స్టేషను ఎదురు సత్రంలో కూర్చుని అడిగినవారికల్లా నామం ఉపదేశిస్తారనీ మఠం నుంచి కార్డు వచ్చింది. మళ్ళీ ఇటువైపు వచ్చేది పన్నెండేళ్ళకట. "అడిగినవారికల్లా" అన్న మాట చదివి ఊరి పెద్దలకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అడగడం ఎవరికైనా చేతనవుతుంది కదా. (చేతకానివాళ్ళకు పక్కవాళ్ళు నేర్పిస్తారు కూడా.)

రెండు రోజుల్లో శ్రీ ఉపదేశార్హతా నిర్ణయ సంఘం వెలిసింది. అధ్యక్షులు వేరుశనగ మిల్లు యజమాని ఏకాంబరం గారు. కార్యదర్శి జయరావు గారు, తాలూకా ఆఫీసులో ముప్పయ్యేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో భార్య ఉప్పు అయిపోయిందని చెప్పినా కాగితం మీద రాసిమ్మంటారని ప్రతీతి. హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి కాబట్టి మినిట్సు రాసే పని నాకు తగిలించారు. సంఘంలో నాకు ఓటు లేదు, కలం మాత్రం ఉంది.

"అడిగినవారు" అనగా "ఫారము పూర్తిచేసి అడిగినవారు" అని మొదటి సమావేశంలోనే నిర్వచించాం. ఫారంలో పదకొండు గడులు. మూడో గడి గోత్రం. గోత్రం తెలియనివారు పనిచేసే చోటు పేరు రాయవచ్చునని జయరావు గారు పెద్ద మనసుతో సడలింపు ఇచ్చారు. తొమ్మిదో గడిలో, దరఖాస్తుదారుకు అహంకారం లేదని గెజిటెడ్ ఆఫీసరు సంతకం చేసి ముద్ర వేయాలి. (అహంకారం లేని గెజిటెడ్ ఆఫీసరు కోసం ఎవరూ వెతకలేదు. అది నిబంధనలో లేదు.)

అసలు ప్రాణమంతా ఆరో గడిలో ఉంది. దాని పేరు "వదిలినది". కాశీకి పోయినవాళ్ళు ఇష్టమైన కాయో పండో వదిలి రావడం మన ఆచారం. ఆ ఆచారాన్ని జయరావు గారు కాశీదాకా పోయే శ్రమ లేకుండా పాకాలకే తెచ్చారు. ఏదో ఒకటి వదిలినవారికే వైరాగ్యం, వైరాగ్యం ఉన్నవారికే ఉపదేశం. దీనికి ఏడో నిబంధన కాపలా: వదిలిన వస్తువు, వదలకపోతే దొరికేదై ఉండాలి.

అధ్యక్షులవారు కాకరకాయ వదిలారు. ఆయన పెళ్ళయిన రోజు నుంచీ కాకరకాయ ముట్టలేదని భార్య జ్ఞానాంబ గారు సాక్ష్యం చెప్పగా, ముప్పయ్యేళ్ళ అఖండ వైరాగ్యంగా నమోదు చేశాం. బట్టల కొట్టు చెంగల్రాయుడు గారు మధ్యాహ్నం టంబ్లరులో కాఫీ వదిలారు. (ఇప్పుడు గ్లాసులో తాగుతున్నారు.) పంకజాక్షి గారు పట్టుచీరలు కొనడం వదిలి, పెట్టినవి మాత్రం కాదనకుండా తీసుకుంటున్నారు. ఇలా సంఘం ఖాయం చేసిన ఇరవై ఒక్క స్థానాల్లో ఇరవై నిండాయి.

అప్పుడు వచ్చింది సిద్ధమ్మ. ఏకాంబరం గారి మిల్లులో వేరుశనక్కాయలు ఒలిచే మనిషి, డెబ్బైకి దగ్గర. ఆమెకు కావలసింది ఒక్కటే. పోయేటప్పుడు అనుకోవడానికి ఒక పేరు. వాళ్ళమ్మ చివరిరోజున ఏ పేరనుకోవాలే అని కూతుర్ని అడిగి, జవాబు దొరక్కుండానే పోయిందట. దానికి స్వామి ఎందుకు, గోవిందా అనుకోరాదా అని నేను అన్నాను.

"అది అందురూ అరిసేదే గదా అయివారా," అంది సిద్ధమ్మ. "నాకని ఒకరు సెప్పల్ల."

ఫారం తీసి రాయడం మొదలుపెట్టాను. గోత్రం దగ్గర వేరుశనగ మిల్లు అని రాశాం. అహంకారం సంగతి చూసిన గెజిటెడ్ ఆఫీసరు, ఆమె చెప్పులు లేని కాళ్ళు చూసి అడక్కుండానే ముద్ర గుద్దాడు. ఆరో గడి దగ్గర బండి ఆగింది.

ఆమె అన్నం వదిలానంది. సంగటి తప్ప ఎరుగనంది. జయరావు గారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"అన్నాన్ని నువ్వు ఇడిసినావా, అన్నమే నిన్ను ఇడిసిందా? అది తేలల్ల గదమ్మా."

తేలింది. ఏడో నిబంధన కింద అన్నం కొట్టివేశాం. మాంసం వదిలానంది, అది ఆమెకు దొరికేది గంగజాతరకు ఒక్క పూటే కాబట్టి మిగతా మూడువందల అరవై నాలుగు రోజులూ లెక్కలోకి రావు. వక్కాకు వదిలానంది, కానీ అంతకు ముందే పళ్ళు ఆమెను వదిలినట్టు పరిశీలనలో బయటపడింది. చివరికి మొగుణ్ణి చెప్పింది. ఆ మనిషి పెళ్ళయిన నాలుగో ఏట కోలారు గనులకని పోయి తిరిగి రాలేదు. వదిలింది ఆయన కాబట్టి ఆ వైరాగ్యం ఆయన ఖాతాకు చెందుతుందనీ, ఎప్పుడైనా దరఖాస్తు పెట్టుకుంటే పరిశీలిస్తామనీ తీర్మానించాం.

"నాకేముండాది సామీ ఇడిసేదానికి?" అంది సిద్ధమ్మ. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, మాకేమైనా తెలుసేమోనని అడిగినట్టు అడిగింది.

సంఘం జాలి లేనిది కాదు. ఆమె కోసం ప్రత్యేక సమావేశం పెట్టాం, బజ్జీలు తెప్పించాం. ఏకాంబరం గారు అర సెంటు భూమి ఆమె పేర రాసిచ్చి, అదే పూట ఆమె చేత వదిలించి వెనక్కి తీసుకుంటానన్నారు. ఆమె ఆ మధ్యలో వదలనంటే ఏం చేయాలని ఎవరో అడిగేసరికి ఆ ఔదార్యాన్ని ఆయనే వదిలేశారు. (దీన్ని కూడా ఆయన ఆరో గడిలో చేర్చాం.)

చివరికి దారి జయరావు గారికే దొరికింది. సిద్ధమ్మ దగ్గర సొంతమని చెప్పదగ్గది ఒకటి ఉంది, ఉపదేశం కావాలన్న కోరిక. దాన్ని వదిలితే ఏడో నిబంధనకు సరిగ్గా సరిపోతుంది. అంతకంటే పెద్ద త్యాగం ఆ ఇరవై మందిలో ఎవరూ చేయలేదు కాబట్టి జాబితాలో మొదటి స్థానం కూడా ఆమెదే. సభ్యులు చప్పట్లు కొట్టారు. "ఉపదేశము పొందవలెనన్న కోరికను ఇందుమూలముగా సంపూర్ణముగా వదులుకొంటిని" అని నేను రాసి, చదివి వినిపించాను.

"ఈడ ఏలు ఏస్తే సామి పేరు సెప్తాడా?" అని అడిగింది.

"అర్హత వస్తాదమ్మా," అన్నారు జయరావు గారు.

ఆమె వేలిముద్ర వేసింది. ఏం జరగబోతుందో నాకు అప్పుడే తెలుసు. నోరు తెరవాల్సింది. వేలిముద్రల డబ్బాకు మూత పెట్టి ఊరుకున్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

స్వాములవారు వచ్చిన రోజు సిద్ధమ్మ తలకు పోసుకుని, ఎవరిదో ఉతికిన చీర అడిగి కట్టుకుని, అందరికంటే ముందు సత్రం చేరింది. వాకిట్లో జయరావు గారు చేతులు అడ్డం పెట్టారు. జాబితాలో మొదటి పేరు ఆమెదేననీ, అందువల్లనే లోపలికి పోరాదనీ, పోతే వదిలినదాన్ని మళ్ళీ పట్టుకున్న పాపం చుట్టుకుంటుందనీ ఓపిగ్గా వివరించారు. ఆమె మెట్ల మీద కూర్చుంది. ఆమె స్థానం ఖాళీ పోకూడదని జ్ఞానాంబ గారిని పంపారు.

మూడు గంటల తర్వాత స్వాములవారు బయటికి వచ్చి, మెట్ల మీద ఉన్న ఆమెను చూసి ఎవరని అడిగారు. ఉపదేశాన్నే వదిలిన మహావిరాగి అని జయరావు గారు చెప్పారు. మా మిల్లు మనిషేనని ఏకాంబరం గారు అందుకున్నారు. స్వాములవారి కళ్ళు చెమర్చాయి. ఇంతటి ఆమెకు తాము చెప్పేదేముంటుందంటూ రెండు చేతులూ జోడించి, బండికి వేళవుతోందని వెళ్ళిపోయారు. చూసినవాళ్ళకు ఒళ్ళు గగుర్పొడిచింది.

బండి కదిలాక సిద్ధమ్మ నా దగ్గరికి వచ్చింది. స్వామి తనకేమన్నా చెప్పినాడా, చెవులు సరిగా వినబడవని అడిగింది. చెప్పలేదు, నీకు దండం పెట్టినాడు అన్నాను.

"దండం నేనేం జేసుకునేది అయివారా," అంది. "పేరొకటి సెప్పింటే సాలు."

జయరావు గారు పక్కనే ఉన్నారు. ఆ సాయంత్రం మినిట్సులో నాలుగో అంశం ఇది: అభ్యర్థినిలో కోరిక ఇంకనూ మిగిలియున్నట్లు ఆమె నోటి మాటనుబట్టి రుజువైనందున ఆమె అర్హత రద్దు చేయడమైనది, ఆమె కోరినచో పన్నెండేళ్ళ తరువాత కొత్త ఫారముపై మరల దరఖాస్తు చేసుకొనవచ్చును.