మోవా కాలువ మీద రివ్యూలు

“మోవాలో మూతలేని మురుగు కాలువే లేదు. ఉందని రాసేవాళ్లు అభివృద్ధి నిరోధకులు!” అని మా మోవా వార్డు నాయకుడు నూకరాజుగారు పత్రికాముఖంగా ప్రకటించారు. ప్రకటించినది కాలువ గట్టు మీద నిలబడే. ఆ గుండె ధైర్యానికి చప్పట్లు కొడదామనుకున్నాను గాని, ఒక చెయ్యి ముక్కు మూసుకోవడంలో ఉండిపోయింది.

దీనికంతటికీ కారణం మా ఎదురింటి ధనుంజయ్. “మోవా ఆటో” అని ఓ వీడియో గేమ్ తయారుచేశాడు. ఆటోలో ప్రయాణికుణ్ణి ఎక్కించుకుని, రైలు కదిలేలోగా స్టేషన్‌కు చేర్చాలి. పూర్తికాని ఆటను ముందే జనంలోకి వదిలి, తిట్లు తింటూ బాగుచేసుకోవడాన్ని ఎర్లీ యాక్సెస్ అంటారట. మన పరిపాలన ఎప్పటినుంచో ఆ పద్ధతిలోనే నడుస్తోంది. ఇంత మంచి పేరుందని తెలియక సిగ్గుపడ్డాం.

ఆడినవాళ్లు రివ్యూలు రాశారు: “మలుపు తిరిగితే చాలు, ఆటో కాలువలో పడుతోంది. అచ్చం మోవాయే! అయిదు స్టార్లు.” అవి చదివి, ఎన్నికల టికెట్ కోసం ఎదురుచూస్తున్న నూకరాజుగారికి పట్టపగలే స్టార్లు కనిపించాయి. టికెట్ తేల్చే పార్టీ పరిశీలకుడు ఉమేష్‌జీ ఆ వారమే వస్తున్నారు మరి.

“ఏటిరా ధనూ, నా ఇజ్జత్ తీసేస్తన్నావు! ఆ కాలువ తీసెయ్.”

“నేనెట్టింది కాదు బాబాయ్. ఉన్నదే గీసినాను.”

“గీసినోడివి చెరపలేవేటి?”

“నిజాన్నెలాగ చెరిపేది బాబాయ్?”

“నాకాడ నేర్చుకో!”

మర్నాటికి కార్యకర్తలంతా రివ్యూలు రాశారు. ఆట తెరిచి చూసినవాడు ఒక్కడూ లేడు. “ఒక్క స్టారు. జై నూకరాజన్న!” అందరిదీ అదే విమర్శ. రేటింగు నేలకు దిగింది, కొనేవాళ్లు లేరు. ధనుంజయ్ కూడా దిగొచ్చాడు. మా రోడ్డుకు ఏనాడూ పడని ప్యాచ్ అతని ఆటకు పడింది. కాలువ మాయం, తారు రోడ్డు తయారు.

నూకరాజుగారు ఆ రోడ్డును ప్రారంభించారు. లాప్‌టాప్‌కు రిబ్బను కట్టి కత్తిరించారు. కొబ్బరినీళ్లు కీబోర్డు మీద చల్లబోతే ధనుంజయ్ అడ్డం పడుకున్నాడు.

“అందులో బాగుంది బాబూ, మరి మా గుమ్మం ముందో?” అంది పక్కింటి సూరమ్మ.

“అది ఫేజ్ టూ, అమ్మా!”

ఉమేష్‌జీ వచ్చారు. పార్టీ ఆఫీసు ఏసీలో కూర్చుని ఆట ఆడారు. ఆటో జారుకుంటూ స్టేషన్ చేరింది. “వాహ్! యే సడక్ కిస్‌నే బనాయీ?” అంటూ, ఆ రోడ్డు వేసిందెవరని ముచ్చటపడ్డారు.

నూకరాజుగారు ధనుంజయ్ భుజం తట్టి, “హమారా లడ్కా, సర్! ఏక్ అప్‌డేట్ మే!” అన్నారు గర్వంగా.

ఉమేష్‌జీ కళ్లజోడు తీసి నూకరాజుగారిని చూశారు. పెట్టుకుని ధనుంజయ్‌ను చూశారు. ఇన్నేళ్లలో నువ్వు వేయలేనిది ఈ కుర్రాడు ఒక్క అప్‌డేట్‌లో వేశాడా అని హిందీలో అడిగారు. నూకరాజుగారికి టికెట్లో నూకలు చెల్లాయి. టికెట్ ధనుంజయ్‌కి వచ్చింది.

నిన్న అభ్యర్థిగారు తెల్ల కుర్తాలో ఓట్లకొచ్చారు. కాలువ దాటడానికి నేనే చెయ్యందించాను.

“మూత ఎప్పుడేస్తావయ్యా?” అన్నాను.

“మీ ఫీడ్‌బ్యాక్ మాకు ముఖ్యం, అంకుల్,” అని నమస్కరించి ముందుకు సాగిపోయారు.

సాయంత్రం ఫోన్ తెరిస్తే “మోవా ఆటో”కు కొత్త రివ్యూ కనిపించింది:

“ఒక్క స్టారు. ఆటలో కాలువ లేదు. ప్రజలకు నిజం చూపించాలి. కాలువను వెంటనే తిరిగి పెట్టకపోతే ధర్నా చేస్తాం. ఇట్లు, నూకరాజు.”