రాణిగంజ్‌లో కొన్న బ్రేకు

శనివారం పొద్దున లేవగానే తిరుమల్ ఒక ప్లాను వేసుకున్నాడు. చాయ్ తాగి రాణిగంజ్ వెళ్లాలి, రిమోట్ కారుకు బ్రేకు కొనాలి, భోజనం వేళకు బన్సీలాల్‌పేటలోని ఇంటికి చేరి బిగించాలి, సాయంత్రం గల్లీలో ఒకసారి తిప్పి చూసుకోవాలి. ఇందులో ఎక్కడా ఎవరినీ తిట్టే పని లేదు. అంత మంచి ప్లాను అతను వేసి చాలా కాలమైంది.

రిమోట్ కారంటే పిల్లలు ఆడుకునే సెల్లు కారు కాదు. మూరెడు పొడవు, లోపల పొగ కక్కే అసలు ఇంజను, దాని పక్కన రూపాయి బిళ్లంత డిస్కు, డిస్కును రెండు వైపులా పట్టుకోవడానికి గోరంత ప్యాడ్లు. రిమోట్ మీద మీటను తోస్తే ప్యాడ్లు పట్టాలి, బండి ఆగాలి. తిరుమల్ బండిలో మీట తోస్తే వేలు నొప్పి పుట్టేది, అంతకుమించి ఏమీ జరిగేది కాదు. టెంట్‌హౌస్ నడుపుతూ, ఊరందరి పెళ్లిళ్లకు మంచి కుర్చీలు పంపి విరిగిన కుర్చీలు వెనక్కి తెచ్చుకునే మనిషికి ఆదివారం పూట మిగిలిన ఒక్క సంతోషం ఆ కారు. జనం దాన్ని కూడా ఓర్వలేకపోయారు.

జనమంటే ముఖ్యంగా తోడల్లుడు హరికిషన్. బ్యాంకులో మేనేజరు. తిరుమల్ భార్య స్వర్ణలత చెల్లెలిని చేసుకున్నాడు. నేరేడ్‌మెట్‌లో ఒక ఖాళీ మైదానంలో ప్రతి ఆదివారం ఈ కార్లతో పందేలు వేసే గుంపుకు అతనే పెద్ద. అతన్ని ఎవరూ ఎన్నుకోలేదు. చదువుకున్నవాడు గొంతు సవరించుకుంటే మిగతావాళ్లు పక్కకు జరుగుతారు, అంతే. కిందటి ఆదివారం తిరుమల్ కారు ఆగకుండా వెళ్లి హరికిషన్ మడత కుర్చీ కాలును కొట్టింది. కుర్చీ మడత పడింది. ఆ సమయంలో హరికిషన్ అందులోనే ఉన్నాడు.

తిరుమల్ ఇల్లు చేరేలోపే ఫోనులో గుంపు అందరికీ కనపడేలా హరికిషన్ మెసేజ్ వచ్చింది. "వచ్చే సండే బ్రేక్ చెకింగ్ ఉంటది. పాస్ గాని బండి లైన్ మీదికి రాదు. తిరుమల్ అన్నకు జెండా ఊపే డ్యూటీ ఇద్దాం, అందరికీ సేఫ్." దాని కింద అందరూ బొటనవేళ్లు పెట్టారు. తిరుమల్ ఆ వేళ్లన్నీ ఎవరెవరివో చూసి గుర్తుపెట్టుకున్నాడు. పందెంలో ఓడిపోతే ఫరవాలేదు, ఎంతోమంది ఓడిపోతారు. కానీ పెద్దల్లుడు ఎండలో నిలబడి చిన్నల్లుడి కారుకు జెండా ఊపడమనేది అత్తగారింట్లో ముసలితనం దాకా చెప్పుకునే ముచ్చట అవుతుంది.

ఆ కారు చేసిన కంపెనీ బ్రేకులు చేయడం మానేసింది. బయటి కంపెనీవాళ్లు చేసేది ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించాడు. అన్ని మోడళ్లకూ సరిపోతుందని దాని మీద రాసి ఉంది. ఏ మోడలుకూ సరిపోని దాన్ని అంత శ్రద్ధగా తయారుచేసినవాడెవడో దొరికితే మాట్లాడాలని అతనికి ఇప్పటికీ ఉంది.

"పోనీ జెండానే ఊపుండ్రి," అంది స్వర్ణలత చాయ్ ఇస్తూ. "నీడకన్న నిలబడొచ్చు."

తిరుమల్ చాయ్ సగంలో వదిలేసి, అరిగిన డిస్కునూ ప్యాడ్లనూ కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని బయలుదేరాడు.

రాణిగంజ్‌లో అతను వెళ్లిన గల్లీకి ఒక పద్ధతి ఉంది. అక్కడ ఏ షాపువాడూ లేదు అనడు. లేదంటే గిరాకీ పక్క షాపుకు పోతాడు కాబట్టి, ఉందంటాడు. స్టూలు వేస్తాడు, చాయ్ చెప్తాడు, శాంపిల్ అడిగి తీసుకుంటాడు. ఆ శాంపిల్‌ను చాటుగా పక్క షాపుకు పంపి, అక్కడ దొరికితే తెప్పించి, తన గోదాంలోంచి తీసినట్టు ముఖం పెట్టి ఇస్తాడు. పక్క షాపుదీ అదే పద్ధతి. ఆ పక్కదీ అదే.

తిరుమల్‌కు తెలిసిన షాపు దేముడుబాబుది. విజయనగరం వైపు నుంచి వచ్చి స్పేర్ పార్టుల్లో స్థిరపడ్డ మనిషి. డిస్కును అరచేతిలో పెట్టుకుని ఉఫ్ అని ఊది, ఏ బండిదని అడిగాడు. షాపులో ఇద్దరు లారీవాళ్లు నిలబడి ఉన్నారు. నలభై దాటిన మనిషి వాళ్ల ముందు బొమ్మ కారుదని ఎలా చెప్తాడు? ఒక చిన్న మిషన్‌ది అన్నాడు. ఆ రోజు జరిగినదంతా ఆ ఒక్క మాట చేసిన పనే.

"ఉందండీ బాబూ, ఎందుకుండదు? శాంపిలు ఇలా ఒగ్గేసి మీరలా కూకోండి."

"జెర పైలం. అదొక్కటే ఉన్నది నా దగ్గర."

చాయ్ వచ్చింది, బ్రేకు రాలేదు. కొంతసేపటికి పక్క షాపాయన తొంగిచూసి, కుట్టు మిషన్ ఏ కంపెనీది అని అడిగాడు. కుట్టు మిషన్ కాదన్నాడు తిరుమల్. ఆయన ఆలోచిస్తూ వెళ్లిపోయాడు. ఇంకో చాయ్ అయ్యాక ఎవరో తెలియని మనిషి వచ్చి, దవాఖానలో మిషన్ ఆగిపోయిందట కదా, ఏ దవాఖాన అని అడిగాడు. తిరుమల్ జవాబు చెప్పేలోపే ఇంకొకాయన వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"పేషెంట్ ఎట్లున్నడన్నా?"

"పేషెంట్‌ను నేనే. ఎవని తల పగలగొట్టాల్నా అని చూస్తున్న."

ఆయన తల ఊపి, మనిషి తట్టుకోలేకపోతున్నాడని దేముడుబాబుకు చెప్పి వెళ్లాడు.

ప్రాణాపాయం అనేసరికి గల్లీకి ఎక్కడలేని చురుకు వచ్చింది. శాంపిల్ ఏ షాపులోనూ చాయ్ చల్లారేంత సేపు ఆగలేదు. తిరుమల్ స్టూలు తన్ని లేచి దాని వెంట పడ్డాడు. బేరింగుల షాపులో ఇప్పుడే లేతు షాపుకు పంపామన్నారు. లేతు షాపులో ఎదురు వరసకు పంపామన్నారు. ఎదురు వరసలో పంపుసెట్ల షాపన్నారు. ప్రతి చోటా తిరుమల్ అరిచాడు. ప్రతి చోటా వాళ్లు మంచినీళ్లు ఇచ్చారు. తిట్టినా ఒక్కడూ తిరిగి తిట్టలేదు. పాపం, పేషెంట్ సొంత మనిషేమో అని ఒకరికొకరు సైగ చేసుకున్నారు. జీవితంలో ఎన్నో గొడవలు చూసిన తిరుమల్‌కు ఇంత అన్యాయమైన గొడవ ఎప్పుడూ తగల్లేదు.

పంపుసెట్ల షాపు ముందు అతను ఇక సిగ్గు వదిలేశాడు. దవాఖాన లేదు, పేషెంట్ లేడు, అది రిమోట్‌తో నడిచే బొమ్మ కారు బ్రేకు అని గల్లీ అంతా వినపడేలా చెప్పాడు. తర్వాత ఇద్దరు అతని రెక్కలు పట్టుకుని లోపలికి తీసుకెళ్లి ఫ్యాను కింద కూర్చోబెట్టారు. షాక్ తగిలిన మనిషి ఇలాగే మాట్లాడతాడని ఒకాయన మిగతావాళ్లకు నెమ్మదిగా వివరించాడు.

పొద్దు వాలుతుండగా దేముడుబాబు చిన్న ప్లాస్టిక్ కవరు పట్టుకుని అక్కడికే వచ్చాడు. దాని మీద మెరిసే స్టిక్కరు ఉంది. లోపల తళతళలాడే డిస్కు, రెండు ప్యాడ్లు.

"చెప్పాను కదండీ. అచ్చం అలాంటిదే దొరికింది."

తిరుమల్ అడిగినంతా ఇచ్చేశాడు. శాంపిల్ ఏదని అడిగితే, అరిగిపోయింది మీకెందుకండీ అన్నాడు దేముడుబాబు.

ఇంటికి వచ్చి బిగిస్తే మొదటిసారికే కూర్చుంది. అంత సులువుగా ఏదీ జరగదని తిరుమల్‌కు తెలుసు. దీపం కింద పెట్టి చూశాడు. డిస్కు అంచున చిన్న నొక్కు. కిందటి నెల పట్టుకారు జారి తన చేతులతో తాను చేసిన నొక్కు. కడిగి, రుద్ది, కవర్లో పెట్టి, అతని బ్రేకును అతనికే అమ్మారు.

వెంటనే దేముడుబాబుకు ఫోన్ చేశాడు.

"సరిపోయిందాండీ?"

"సరిపోక ఏమైతది? అది నాదే కదా."

"మరి మీరడిగింది అదే కదండీ," అన్నాడు దేముడుబాబు నొచ్చుకుంటూ. తను కూడా పక్క షాపులో డబ్బిచ్చే కొన్నానని, పక్క షాపు ఆ పక్కన కొన్నదని, ఇందులో తనకు మిగిలింది చాయ్ ఖర్చేనని చెప్పాడు. శాంపిల్ గల్లీ చివరిదాకా వెళ్లి, అక్కడ సరుకై, మళ్లీ ఒక్కో షాపూ దాటుకుంటూ వెనక్కి వచ్చింది. దొంగ ఎవరని అడగడానికి లేదు, అందరూ కొన్నవాళ్లే. చివర్లో, పేషెంటు ఎలా ఉన్నారండీ అని కూడా అడిగాడు. తిరుమల్ ఫోన్‌ను పరుపుల గుట్ట మీదికి విసిరేశాడు.

ఆదివారం మిగిలిన దారి ఒకటే. చెకింగ్‌లో ఎలాగూ ఫెయిలవుతాడు. అయ్యేలోపు హరికిషన్‌ను ఇక జన్మలో ఇద్దరి మధ్యా మాటలుండనంతగా తిట్టాలి. నేరేడ్‌మెట్ చేరేదాకా మాటలన్నీ వరసగా పేర్చుకుంటూ వెళ్లాడు. వడ్డీ గురించి ఒకటి, గొంతు సవరించుకోవడం గురించి ఒకటి, మామగారు కొనిపెట్టిన వాచీ గురించి ఒకటి.

హరికిషన్ సుద్దతో గీత గీసి, దాని అవతల చాలా దూరంగా నిలబడ్డాడు. "కానియ్యన్నా," అన్నాడు.

తిరుమల్ కారును ఉన్నంత వేగంతో వదిలాడు. మొదటి మాట నోట్లోకి వచ్చింది. అలవాటు కొద్దీ మీటను తోశాడు. కారు తోక పైకి లేచి, గీత ముందు మేకు కొట్టినట్టు నిలబడింది.

సంగతేమిటంటే, అతని ప్యాడ్లు పూర్తిగా అరగలేదు. ఇంజను కక్కే నూనె తాగి నున్నబడి జారుతున్నాయి. కొత్తదిగా అమ్మడం కోసం గల్లీలో ఎవడో వాటిని పెట్రోలులో కడిగి గరుకు కాగితంతో రుద్దాడు. మోసం చేయబోయి రిపేరు చేశాడు. తిరుమల్ నోట్లోని మాటలు ఎటూ పోలేక అక్కడే ఉండిపోయాయి.

పాసయ్యాడు. జెండా ఇంకొకరికి ఇచ్చారు. తిరుమల్ కారు అందరితోపాటు గీత మీద నిలబడింది.

తీరా పందెం మొదలయ్యాక ఒక విషయం బయటపడింది. ఇన్ని నెలలుగా పట్టని బ్రేకుతో తిప్పీ తిప్పీ, మలుపు ఇంకా ఎంతో దూరం ఉండగానే మీటను చివరిదాకా తోయడం అతని వేళ్లకు అలవాటైంది. ఇప్పుడు ప్రతి మలుపుకు ముందూ కారు నడి మైదానంలో నిలబడిపోతోంది. వెనక వచ్చినవాళ్లు పక్కనుంచి దాటిపోతున్నారు. కోపం వచ్చి ఇంకా గట్టిగా తోశాడు. అది ఇంకా బాగా ఆగింది. ఒక చక్రం ఊడి మూడు మీద కుంటుతున్న కారు కూడా అతనికంటే ముందు చేరింది.

హరికిషన్ వచ్చి భుజం తట్టాడు. "బ్రేక్ మాత్రం ఫస్ట్‌క్లాస్ ఉన్నదన్నా."

పెళ్లయిన ఇన్నేళ్లలో తోడల్లుడి నోటి నుంచి వచ్చిన మొదటి మెప్పు అది, అదీ బ్రేకుకు.