పెంకులమ్మ తవ్విన గుంతలు

ఒక పెద్ద అడవిలో ఒక బడి ఉండేది. అక్కడ మాట్లాడటం తప్పు, పక్కవాడి వైపు చూడటం అంతకన్నా పెద్ద తప్పు.

హెడ్మాస్టరు కొంగగారు. ఒంటికాలి మీద నిలబడి, కళ్లు మూసుకుని పాఠం చెప్పేవారు. "చేపను పట్టేటప్పుడు నేను ఎవరినైనా అడుగుతానా? చదువూ అంతే. ఎవరిది వాళ్లదే!"

దూరపు కొండల నుంచి వలస వచ్చిన పెంకులమ్మ తన కూతురు గవ్వను ఆ బడిలో చేర్చింది. పెంకులమ్మ అలుగు, నేల తవ్వి చీమలు తినే జంతువు. ఒంటి మీదంతా పెంకులు, లోపలంతా బెంగ. గవ్వ తల్లి తోక దిగేది కాదు. ఎవరైనా పలకరిస్తే చాలు, ఉండలా చుట్టుకుపోయేది.

"మన కొండల్లో అయితే పిన్ని పిల్లలుండేవాళ్లు, మామయ్య పిల్లలుండేవాళ్లు. ఇక్కడ దీనికి ఎవరున్నారు?" అని తల్లి కుమిలిపోయేది.

ఒకనాడు కొంగగారు పెంకులమ్మను పిలిపించారు. "ఏనుగుగారు తనిఖీకి వస్తున్నారు. ఆయన ముందు నోరు విప్పని పిల్లకు ఈ బడిలో చోటు లేదు."

"బళ్లో మాట్లాడకూడదన్నారు కదండీ?"

"మాట్లాడకూడదు. తనిఖీ రోజు మాత్రం గలగలా మాట్లాడాలి. దాన్నే క్రమశిక్షణ అంటారు."

అదే వారం తల్లిదండ్రుల సంఘం సమావేశమైంది. నక్క లేచి, "మా వాడి తెలివంతా కోతిపిల్ల లాగేసుకుంటోంది" అంది.

"ఉంటే కదా వదినా, లాగడానికి!" అంది కోతి.

గోల సద్దుమణిగాక కొంగగారు తీర్మానం చేశారు. ఒక్కో పిల్లకు ఒక్కో గుంత. ఎవరి గుంతలో వాళ్లు చదువుకోవాలి. తవ్వే పని పెంకులమ్మది. పని తప్పించుకుంటుందేమోనని ఆమెనే సంఘానికి అధ్యక్షురాలిని చేశారు.

ఇన్నాళ్లకు తననొకరు గుర్తించారు! పెంకులమ్మ ప్రతి గుంతనూ తోకతో కొలిచి, గుసగుస కూడా దాటనంత లోతుగా తవ్వింది.

కొన్నాళ్లకు, గోడలు చెక్కుచెదరలేదు కదా అని చూడటానికి వెళ్లింది. గవ్వ గుంత ఖాళీగా ఉంది! గోడకు అడుగున కన్నం. కన్నంలోంచి మాటలు.

"ఇక్కడ ఏడు చీమలున్నాయి. నేను రెండు తిన్నాను. ఎన్ని మిగిలాయి?" అది గవ్వ గొంతు.

"అయిదే!" అంది కుందేలుపిల్ల.

"కాదు, మూడు. నవ్వుతుంటే ఇంకో రెండు లోపలికి పోయాయి."

కిలకిలమని అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో కూతురి నవ్వును తల్లి పోల్చుకుంది. ఈ అడవికి వచ్చాక అది వినడం అదే మొదటిసారి.

అధ్యక్షురాలు కాబట్టి ఫిర్యాదు చేయాలి. వెళ్లింది కూడా. కొంగగారు కళ్లు తెరవకుండానే అడిగారు: "ఏమిటా చప్పుడు?"

"చప్పుడా? ఏమీ లేదండీ. ఎవరి చదువు వాళ్లు చదువుకుంటున్నారు." ఎన్నడూ అబద్ధం ఎరగని పెంకులమ్మకు పెంకులు గలగలలాడాయి.

తనిఖీ రోజు ఏనుగుగారు బడి మధ్యకు వచ్చి నిలబడ్డారు. పిల్లల కన్నాలతో అడుగున అంతా గుల్ల. ముందుకాలు మోకాలి దాకా భూమిలోకి దిగిపోయింది.

కొంగగారు ఎగిరి చెట్టెక్కారు. "అయ్యా, తమ కాలు తమరే తీసుకోవాలి!" పెంకులమ్మ భయంతో ఉండలా చుట్టుకుపోయింది. అప్పుడు పెంకుల సందులోంచి ఆమె చెవిన ఒక గొంతు పడింది.

"కుందేలూ, నువ్విటు మట్టి లాగు. కోతీ, కొమ్మలు పట్రా! తాతగారూ, మీరు కాస్త కదలకండి, ఉన్నది కూడా కూలుతుంది!"

గవ్వ! చుట్టుకోలేదు, వణకలేదు. ఏనుగుగారు బుద్ధిగా కదలకుండా నిలబడ్డారు. పిల్లలంతా కలిసి ఆయన కాలు పైకి తెచ్చారు.

"ఇంత చురుకైన పిల్లల్ని ఎక్కడా చూడలేదు. ఏ పద్ధతి మీది?" అన్నారు ఏనుగుగారు.

కొంగగారు కిందికి దిగారు. "ఒంటరి గుంతల పద్ధతి సార్!"

"భేష్! అన్ని బళ్లలోనూ ఇలాంటివే తవ్వించండి!"

పెంకులమ్మ మెల్లగా విప్పుకుంది. "తవ్వుతానండీ. కాని చోటు నేను చూస్తాను. మట్టి మెత్తగా ఉండాలి."

ఇందులో తెలిసిందేమంటే, పిల్లలకు చదువు రావాలంటే మధ్యలో గోడలు ఉండాలి, గోడలకు కన్నాలు ఉండాలి.